ఇంటెల్: ఫలితాలు బాగున్నా షేరు ఎందుకు పడింది, 14ఏ (ఇంటెల్ రాబోయే చిప్ తయారీ పద్ధతి) కస్టమర్ వస్తే లెక్కల్లో ముందు ఎక్కడ కనిపిస్తుంది?

నిదానం:

ఇంటెల్ 2026 జనవరి 22న 2025 చివరి త్రైమాసికం ఫలితాలు ఇచ్చింది. రాబడి 13.7 బిలియన్ డాలర్లు, నాన్-గ్యాప్ పద్ధతిలో (కొన్ని ప్రత్యేక ఖర్చులు తీసేసి) షేరుకు లాభం 15 సెంట్లు. రెండూ విశ్లేషకులు అనుకున్నదానికన్నా మెరుగే. అయినా మర్నాడు షేరు 17 శాతం కూలింది. 2026 మొదటి త్రైమాసికం గైడెన్స్ (కంపెనీ ఇచ్చే ముందస్తు అంచనా) వల్లేనని అందరూ అంటున్నారు: 11.7 నుంచి 12.7 బిలియన్ల రాబడి, 34.5 శాతం గ్రాస్ మార్జిన్ (తయారీ ఖర్చు పోగా మిగిలే వాటా), ఈపీఎస్ (షేరుకు లాభం) సున్నా.

కొనాలా అమ్మాలా అన్నది నేను తేల్చుకుంటాను. ఈ కింది మూడూ ఎలా చదవాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

మొదటిది, 12 బిలియన్లకు పైగా సరుకు అమ్మి లాభం సున్నా ఎలా అవుతుంది? గిరాకీ ఉంది, సరఫరా చాలడం లేదు అని సీఎఫ్ఓ డేవిడ్ జిన్స్‌నర్ అన్నమాట ఎంతవరకు నమ్మొచ్చు?

రెండోది, ఫౌండ్రీ (చిప్‌లు తయారుచేసే) విభాగంలో బయటి కస్టమర్ల రాబడి మూడో త్రైమాసికంలో 8 మిలియన్ డాలర్లు, నాలుగోదానిలో 222 మిలియన్లు. ఇది కొత్త కస్టమర్ వచ్చిన గుర్తేనా?

మూడోది, 14ఏకి పెద్ద కస్టమర్ ఎవరైనా సంతకం పెడితే ఆ డబ్బు ఎప్పుడు కనబడుతుంది? ముందుగా కదిలే లైను ఏది?

లెక్కల పుస్తకం:

మొదటి ప్రశ్నకు కాల్క్యులేటర్ చాలు. గైడెన్స్ మధ్యలో 12.2 బిలియన్లు తీసుకోండి. 34.5 శాతం మార్జిన్ అంటే గ్రాస్ లాభం 4.2 బిలియన్లు. పరిశోధన, అమ్మకాలు, పరిపాలన కలిపి 2026కి పెట్టుకున్న ఖర్చు లక్ష్యం 16 బిలియన్లు, అంటే త్రైమాసికానికి 4. మిగిలేది 0.2 బిలియన్లు. వడ్డీ, పన్ను, మైనారిటీ భాగస్వాముల వాటా అన్నీ అందులోంచే పోవాలి. సున్నా అక్కడే వచ్చేస్తుంది.

మైనారిటీ వాటాని చాలామంది తమ మోడల్‌లో వేయరు, వేసి తీరాలి. ఆరిజోనా ఫ్యాబ్‌లలో (చిప్ ఫ్యాక్టరీలలో) పెట్టుబడి సంస్థ బ్రూక్‌ఫీల్డ్‌కి 49 శాతం ఉంది, అది 2022 ఒప్పందం. ఐర్లండ్‌లోని ఫ్యాబ్ 34లో 49 శాతం ఇంకో పెట్టుబడి సంస్థ అపోలో తీసుకుంది. అది 2024లో, 11 బిలియన్లు ఇచ్చి. ఆ ఫ్యాబ్‌లు నిండి లాభం పెరిగేకొద్దీ దాదాపు సగం వాళ్ళకే పోతుంది. ఆపరేటింగ్ లాభం మాత్రమే చూసి ఈపీఎస్ అంచనా కడితే తప్పకుండా ఎక్కువ వస్తుంది.

ఇక సెన్సిటివిటీ, అంటే మార్జిన్ కొంచెం కదిలితే లాభం ఎంత కదులుతుందో. 12.2 బిలియన్ల మీద ఒక శాతం మార్జిన్ 122 మిలియన్లు. షేర్లు ఇంచుమించు 500 కోట్లు అనుకుంటే పన్నుకు ముందు 2.4 సెంట్లు. నాలుగో త్రైమాసికంలో 37.9గా ఉన్న మార్జిన్ 34.5కి దిగితే 8 సెంట్లు పోయాయి. రాబడి 1.5 బిలియన్లు తగ్గడం వల్ల ఇంకో 11 సెంట్లు. రెండూ కలిపి 19. పన్ను, ఖర్చుల కోత కొంత వెనక్కి ఇస్తాయి. మొన్నటి 15 సెంట్లు ఎటు పోయాయో ఇప్పుడు తెలిసింది కదా.

సరఫరా మాట సాకు కాదనే నా అభిప్రాయం. కొరత ఉన్నది 14ఏకి ముందుది, కొత్త 18ఏ తయారీ పద్ధతిలో మాత్రమే కాదు, ఇంటెల్ 7 లాంటి పాత లైన్లలో కూడా. సర్వర్ సీపీయూల గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. 2025 రెండో సగంలో నిల్వ సరుకు అమ్మి నెట్టుకొచ్చారు, ఆ నిల్వ అయిపోయింది. గమనించాల్సింది ఇంకొకటి ఉంది: 2024 మూడో త్రైమాసికంలో 3.1 బిలియన్ల చార్జీ వేసుకున్నారు. అందులో ఎక్కువ భాగం ఇంటెల్ 7 యంత్రాల విలువ తగ్గింపు, వేగవంతం చేసిన తరుగుదలే. ఇక అక్కర్లేదనుకున్న సామర్థ్యమే ఇప్పుడు చాలడం లేదు. అంచనా వేయడంలో యాజమాన్యం ఎక్కడ తడబడుతుందో ఇది సూటిగా చూపిస్తుంది.

తక్కువ ధర పీసీ చిప్‌ల నుంచి సర్వర్‌కి వేఫర్లు (చిప్‌లు చెక్కే సిలికాన్ పలకలు) మళ్ళించినా ఫలితం వెంటనే రాదు. వేఫర్ లైనులోకి వెళ్ళి చిప్‌గా బయటికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అందుకే మొదటి త్రైమాసికమే అట్టడుగు, రెండోదాని నుంచి మెరుగు అంటున్నారు. అందులో రెండు ప్రమాదాలు ఉన్నాయి. మెమరీ ధరలు పెరుగుతున్నాయి కాబట్టి సరఫరా కుదుటపడే సమయానికి పీసీ గిరాకీయే తగ్గొచ్చు. రెండోది, 18ఏ మీద తయారయ్యే పాంథర్ లేక్ అనే పీసీ చిప్ వాటా పెరిగేకొద్దీ మొదట్లో మార్జిన్ కిందికే లాగుతుంది. రాబడి పెరిగి మార్జిన్ కదలకపోతే కంగారు పడకండి. రాబడి పెరగకుండా మార్జిన్ కూడా పడితే అప్పుడు ఆలోచించండి.

వేఫర్ లైను:

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, ఎక్కువమంది మోసపోయేది అక్కడే.

222 మిలియన్లలో రెండు విషయాలు ఉన్నాయని కంపెనీయే చెప్పింది. ఒకటి అమెరికా ప్రభుత్వ ప్రాజెక్టులు. రెండోది ఆల్టెరా. ఇంటెల్ సొంత చిప్ కంపెనీగా ఉన్న ఆల్టెరాలో 51 శాతం పెట్టుబడి సంస్థ సిల్వర్ లేక్‌కి అమ్మడం 2025 సెప్టెంబర్‌లో పూర్తయింది. అప్పటిదాకా ఆల్టెరా వాడిన వేఫర్లు ఇంటి లెక్క. అమ్మాక అవే వేఫర్లు బయటి రాబడి అయ్యాయి. ఆ మేరకు ఫ్యాబ్‌లో ఒక్క వేఫర్ కూడా కొత్తగా తిరగకుండానే ఆ లైను పెరిగింది. కాబట్టి ఇకమీదట పోల్చాలంటే నాలుగో త్రైమాసికాన్నే ఆధారంగా పెట్టుకోండి. 8 మిలియన్లతో పోల్చి ఎన్ని రెట్లని చెప్పే చార్టులు పక్కన పడేయండి.

ఫౌండ్రీ విభాగం మొత్తం రాబడి ఆ త్రైమాసికంలో 4.5 బిలియన్లు, నష్టం 2.5 బిలియన్లు. ఆ 4.5లో దాదాపు అంతా ఇంటెల్ ఉత్పత్తుల విభాగం తన ఫ్యాబ్‌కి తానే కట్టిన డబ్బు. కన్సాలిడేషన్‌లో (కంపెనీ మొత్తం లెక్క కలిపినప్పుడు) అది కొట్టుకుపోతుంది. ఉత్పత్తుల విభాగం లాభాన్నీ ఫౌండ్రీ నష్టాన్నీ విడివిడిగా విలువ కట్టి కూడేవాళ్ళు ఈ లోపలి ధరను మార్కెట్ ధర అనుకుంటున్నారు. అది కంపెనీ తాను పెట్టుకున్న ధర మాత్రమే.

ఇక కస్టమర్ పేర్లు. 2023లో ఎరిక్సన్ 18ఏ అన్నారు. 2024 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ 18ఏ మీద ఒక చిప్ చేయిస్తుందన్నారు. అదే సభలో ఫౌండ్రీ ఒప్పందాల జీవితకాల విలువ 15 బిలియన్లు దాటిందన్నారు. 2024 సెప్టెంబర్‌లో అమెజాన్ వెబ్ సర్వీసెస్‌తో 18ఏ మీద ఏఐ ఫ్యాబ్రిక్ చిప్ ఒప్పందం. ఇవన్నీ జరిగాక 2025 మూడో త్రైమాసికంలో బయటి రాబడి 8 మిలియన్లు. జీవితకాల విలువ అంటే కస్టమర్ అనుకున్నట్టే అన్నీ జరిగితే కొన్నేళ్ళలో రావచ్చనుకునే మొత్తం. ఖాయమైన ఆర్డర్ కాదు.

ఎన్విడియా విషయం ఇంకోలా ఉంటుంది. 2025 సెప్టెంబర్‌లో షేరుకు 23.28 డాలర్లు చొప్పున 5 బిలియన్లు పెడతామని ప్రకటించింది. కానీ ఆ ఒప్పందం ఎక్స్86 సీపీయూలు కలిసి చేయడం గురించి. ఎన్విడియా తన జీపీయూలను ఇంటెల్ ఫ్యాబ్‌లో చేయిస్తానని ఆ ప్రకటనలో ఎక్కడా అనలేదు. పెట్టుబడిదారు వేరు, ఉత్పత్తి భాగస్వామి వేరు, ఫౌండ్రీ కస్టమర్ వేరు. వార్త చదివినప్పుడల్లా ఈ మూడిట్లో ఏదో ముందు తేల్చుకోండి.

ఇక మూడో ప్రశ్న. కస్టమర్ నడిచే దారి ఇది: 0.5 వెర్షన్ పీడీకే (ఫ్యాబ్ ఇచ్చే డిజైన్ నియమాల కిట్) చూసి అంచనాలు కడతాడు, టెస్ట్ చిప్ వేస్తాడు, 1.0 వచ్చాక అసలు డిజైన్ మొదలుపెడతాడు, టేప్-అవుట్ (డిజైన్ ఫ్యాబ్‌కి అప్పగించడం), రిస్క్ ప్రొడక్షన్ (పరీక్షగా చేసే కొద్ది ఉత్పత్తి), ఆ తర్వాతే వాల్యూమ్ (భారీ ఉత్పత్తి). 1.0 నుంచి వాల్యూమ్ దాకా రెండేళ్ళు అంటే వేగంగా అయినట్టే. మధ్యలో మాస్క్‌లు (చిప్ నమూనా అచ్చులు) మళ్ళీ చేయాల్సి వస్తే ఇంకొన్ని నెలలు, పైగా ఈ స్థాయి నోడ్‌లో (తయారీ పద్ధతిలో) మాస్క్ సెట్ ఖర్చే కోట్ల డాలర్లు. దీనికి తోడు 18ఏ, 14ఏ రెండిట్లోనూ కరెంటు సరఫరా తీగలు చిప్ వెనకవైపు నుంచి వస్తాయి. తైవాన్ తయారీ సంస్థ టీఎస్‌ఎంసీ ఎన్2 నోడ్‌లో అవి ముందువైపే ఉన్నాయి. అక్కడి డిజైన్ తెచ్చి ఇక్కడ అచ్చు వేయడం కుదరదు. ఫ్లోర్‌ప్లాన్, వేడి పోయే దారి అన్నీ మళ్ళీ చూసుకోవాలి. అందుకే సగం ఆర్డర్ అక్కడ, సగం ఇక్కడ అన్న ఊహాగానాలు చెప్పినంత తేలిక కాదు.

14ఏ మీద కస్టమర్ల గట్టి నిర్ణయాలు 2026 రెండో సగం నుంచి 2027 మొదటి సగం మధ్యలో వస్తాయని సీఈఓ లిప్-బూ టాన్ చెప్పారు. పై దారితో కలిపి చూస్తే 2028కి ముందు చెప్పుకోదగ్గ రాబడి ఉండదు. 2027 ఈపీఎస్‌లో 14ఏ బయటి రాబడి వేసిన మోడల్ కనిపిస్తే దాన్ని నమ్మకండి.

అంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది. కస్టమర్ దొరికాడన్న వార్త లెక్కల్లోకి మొదట ఖర్చుగానే వస్తుంది. ఒప్పందం ఖాయమయ్యేదాకా 14ఏ సామర్థ్యం మీద పెద్దగా ఖర్చు పెట్టమని యాజమాన్యం చెప్పింది. కాబట్టి ముందు కదిలేది క్యాపెక్స్, అంటే ఫ్యాబ్‌లు, యంత్రాల మీద పెట్టే ఖర్చు. 2026కి జనవరిలో ఇచ్చిన గైడెన్స్ 2025తో సమానం లేదా కొంచెం తక్కువ. ఏడాది మధ్యలో దాన్ని పెంచి, కారణంగా 14ఏ పేరు చెబితే, పేరు బయటపెట్టకపోయినా కస్టమర్ వచ్చినట్టే అనుకోవచ్చు. ఆ రోజు ఫ్రీ క్యాష్‌ఫ్లో (ఖర్చులన్నీ పోగా మిగిలే నగదు) అంచనాలు తగ్గుతాయి, షేరు పడినా ఆశ్చర్యం లేదు.

నిదానం:

చాలా స్పష్టంగా చెప్పారు, ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక అనుమానం. 18ఏ ఈల్డ్ (వేఫర్ మీద మంచి చిప్‌ల శాతం) తమ లోపలి ప్రణాళిక ప్రకారమే ఉంది కానీ తాను కోరుకున్నంత లేదని టాన్ అన్నారు. పాంథర్ లేక్ దుకాణాల్లోకి వచ్చిందంటే ఈల్డ్ ఒక స్థాయికి చేరినట్టే కదా? మరి బయటి కస్టమర్ ఎందుకు ఆగుతున్నాడు?

ఈల్డ్ గణితం:

ఎందుకంటే ఈల్డ్ శాతం చిప్ సైజుని బట్టి మారుతుంది. మీరు అడగాల్సింది డిఫెక్ట్ డెన్సిటీ, అంటే చదరపు సెంటీమీటరుకి ఎన్ని లోపాలు.

300 మి.మీ. వేఫర్ మీద 100 చదరపు మి.మీ. చిప్‌లు అంచులు పోగా సుమారు 640 పడతాయి. 400 చదరపు మి.మీ. చిప్‌లు 143 పడతాయి. సాదా పాసాన్ సూత్రం వాడండి: విస్తీర్ణాన్ని (చదరపు సెంటీమీటర్లలో) డిఫెక్ట్ డెన్సిటీతో గుణించి, e (2.718) అనే సంఖ్యని ఆ లబ్ధం రుణ ఘాతానికి ఎత్తితే మంచి చిప్‌ల వాటా వస్తుంది. డెన్సిటీ 0.4 అయితే చిన్న చిప్‌కి 67 శాతం, అంటే 429 మంచివి. పెద్ద చిప్‌కి 20 శాతం, అంటే 29 మాత్రమే. డెన్సిటీని 0.2కి దించండి. చిన్నది 82 శాతానికి వెళ్ళి 524 అవుతుంది. పెద్దది 45 శాతానికి వెళ్ళి 64 అవుతుంది. చిన్న చిప్‌కి లాభం 22 శాతం, పెద్ద చిప్‌కి రెండింతలకు పైనే.

18ఏలో డెన్సిటీ 0.4 కన్నా తక్కువని ఇంటెల్ 2024 సెప్టెంబర్‌లో చెప్పింది. 0.4, 0.2 అని నేను తీసుకున్నవి సైజు ప్రభావం చూపడానికే, ఇవాళ్టి స్థితి అని కాదు. నిజ జీవితంలో పెద్ద చిప్ పరిస్థితి ఇంత ఘోరంగా ఉండదు, ఎందుకంటే లోపాలు వేఫర్ మీద గుంపులుగా పడతాయి, పైగా పాడైన కోర్ ఆపేసి తక్కువ రకంగా అమ్ముకోవచ్చు. కానీ దిశ మాత్రం ఇదే. పాంథర్ లేక్ కంప్యూట్ టైల్ చిన్నది. ఇంటెల్‌కి వేఫర్ సొంతం, పాడైన చిప్ ఖర్చు తానే భరిస్తుంది. బయటివాడు పెద్ద ఏఐ చిప్ పట్టుకొస్తే లెక్క పూర్తిగా వేరు.

అందుకే కస్టమర్ ముందు మాట్లాడుకునేది ధర కట్టే పద్ధతి గురించి. వేఫర్‌కి ఇంత అని కడితే ఈల్డ్ రిస్కు కస్టమర్‌ది. మంచి చిప్‌కి ఇంత అని కడితే రిస్కు ఫ్యాబ్‌ది. పరిశ్రమలో వేఫర్ ధరే మామూలు. కొత్తగా కస్టమర్లని వెతుక్కునే ఫ్యాబ్ రెండో పద్ధతికి ఒప్పుకోక తప్పకపోవచ్చు. అలా ఒప్పుకుంటే రాబడి వచ్చినా మొదటి ఏడాది మార్జిన్ దెబ్బ ఫ్యాబ్‌కే తగులుతుంది. కాన్ఫరెన్స్ కాల్‌లో ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే జవాబు శ్రద్ధగా వినండి.

ఇంకొకటి. ఈల్డ్ నెలనెలా మెరుగవుతోందన్న మాటకన్నా వేఫర్ నుంచి వేఫర్‌కి తేడా తగ్గిందా అన్నది బయటి కస్టమర్‌కి ముఖ్యం. సగటు బాగుండి ఒక్కో లాట్ (వేఫర్ల విడత) ఒక్కోలా వస్తుంటే అతను తన సరఫరా ప్రణాళిక వేసుకోలేడు.

అంచు వేఫర్:

అందరూ వేఫర్ల చుట్టూనే తిరుగుతున్నారు. బయటి డబ్బు ముందు వచ్చేది ప్యాకేజింగ్‌లోనని (తయారైన చిప్‌లను కలిపి అమర్చడంలోనని) నా వాదన. ఇంటెల్ పద్ధతి ఎమిబ్. ఎమిబ్ అంటే చిప్‌ల కింద సబ్‌స్ట్రేట్‌లోనే చిన్న సిలికాన్ వంతెన పాతిపెట్టడం. పెద్ద ఇంటర్‌పోజర్ (చిప్‌లన్నిటి కింద పరిచే సిలికాన్ పలక) అక్కర్లేదు. కస్టమర్ తన చిప్‌ని టీఎస్‌ఎంసీలో చేయించుకుని ప్యాకేజింగ్ మాత్రం ఇంటెల్‌లో చేయించవచ్చు. ట్రాన్సిస్టర్ డిజైన్ ముట్టుకోనక్కర్లేదు, పైన చెప్పిన పీడీకే దారి చాలావరకు తప్పుతుంది. టీఎస్‌ఎంసీ ప్యాకేజింగ్ పద్ధతి కోవోస్ సామర్థ్యం కోసం ఏఐ కంపెనీలు వరుసలో ఉన్నాయి. న్యూ మెక్సికోలోని రియో రాంచోలో ఫ్యాబ్ 9 ఉండనే ఉంది. కొన్ని ప్యాకేజింగ్ అవకాశాలు వందల మిలియన్లు కాదు, బిలియన్ దాటతాయని జిన్స్‌నర్ ఈసారి కాల్‌లో అన్నారు కూడా.

ఫౌండ్రీని 2027 చివరికి లాభనష్టాలు లేని స్థితికి తేవాలన్నది లక్ష్యం. అందుకు బయటి రాబడి ఏడాదికి కొద్ది బిలియన్లు చాలని 2025లో చెప్పారు. 14ఏ వాల్యూమ్ 2028 అయితే, ఆ కొద్ది బిలియన్లలో పెద్ద భాగం ప్యాకేజింగ్ నుంచి రాక ఇంకెక్కడినుంచి వస్తుంది?

వేఫర్ లైను:

సమయం విషయంలో మీ మాటే సరైనది, ఒప్పుకుంటాను. కానీ ఆ లక్ష్యంలో పెద్ద బరువు మోసేది బయటి రాబడి కాదు. ఇంటెల్ సొంత చిప్‌లు 18ఏకి మారి, ఫ్యాబ్‌లు నిండి, వేఫర్ ఖర్చు తగ్గడమే. త్రైమాసికానికి 2.5 బిలియన్ల నష్టాన్ని ప్యాకేజింగ్ ఒక్కటే పూడ్చలేదు. కాబట్టి ప్యాకేజింగ్ వార్త వస్తే దాన్ని 14ఏకి ముందస్తు సూచనగా చదవకండి. ఎమిబ్ కస్టమర్ రేపు వేఫర్ కస్టమర్ అవుతాడనే హామీ లేదు.

ప్యాకేజింగ్‌లో చూడాల్సింది ముందస్తు చెల్లింపులు. కస్టమర్ సామర్థ్యం కోసం ముందే డబ్బు కడితే అది రాబడి కాదు, బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు కాంట్రాక్ట్ లయబిలిటీగా కూర్చుంటుంది. అది త్రైమాసికానికి త్రైమాసికం పెరుగుతుంటే ప్రకటన లేకపోయినా ఆర్డర్ ఉన్నట్టు.

లెక్కల పుస్తకం:

పేరు చెప్పని కస్టమర్ ఎవరో ఊహించి కొనేవాళ్ళకి ఇంకో చిప్ కంపెనీ బ్రాడ్‌కామ్ ఉదాహరణ చూపించాలి. 2025 సెప్టెంబర్‌లో దాని సీఈఓ హాక్ టాన్ ఒక కొత్త కస్టమర్ 10 బిలియన్లకు పైగా ఆర్డర్ ఇచ్చాడన్నారు. ఓపెన్‌ఏఐ అని అందరూ రాసేశారు. అక్టోబర్‌లో ఓపెన్‌ఏఐతో ఒప్పందం ప్రకటిస్తూనే ఆ కస్టమర్ వీళ్ళు కాదని కంపెనీ అధికారి చెప్పారు. డిసెంబర్‌లో మరో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ అని తేలింది. అదే డిసెంబర్‌లో ఏఐ ఆర్డర్ల నిల్వ 73 బిలియన్లు అని చెప్పినా, గ్రాస్ మార్జిన్ తగ్గుతుందన్న ఒక్క మాటతో షేరు మర్నాడు 11 శాతం పడింది. ఆర్డర్ పెద్దదా అన్నదానితోపాటు దాని మీద మార్జిన్ ఎంత అన్నది కూడా మోడల్‌లో ఉండాలి.

ఇంటెల్ మోడల్ కట్టేటప్పుడు షేర్ల సంఖ్యా పాతది వాడొద్దు. 2025లో అమెరికా ప్రభుత్వానికి 20.47 డాలర్ల చొప్పున 43.3 కోట్లు, సాఫ్ట్‌బ్యాంక్‌కి 23 చొప్పున 8.7 కోట్లు, ఎన్విడియాకి 21.5 కోట్లు. మొత్తం 73 కోట్లకు పైనే కొత్త షేర్లు. తరుగుదల కూడా గమనించండి: ఇంటెల్ 2023 నుంచి యంత్రాలకు 8 ఏళ్ళ ఆయుష్షు లెక్కేస్తోంది, టీఎస్‌ఎంసీ 5 ఏళ్ళే. రెండు మార్జిన్లనీ పక్కపక్కన పెట్టే ముందు దీన్ని సరిచేసుకోవాలి.

నిదానం:

అయితే నేను చూడాల్సిన వరుస: క్యాపెక్స్ గైడెన్స్, కాంట్రాక్ట్ లయబిలిటీలు, 222 మిలియన్ల మీద బయటి రాబడి. ఇంకేమైనా వదిలేశానా?

వేఫర్ లైను:

ఒకటుంది. టెన్-క్యూలో (కంపెనీ దాఖలుచేసే త్రైమాసిక నివేదికలో) రిస్క్ ఫ్యాక్టర్లు. పెద్ద బయటి కస్టమర్ దొరక్కపోతే, ముఖ్యమైన మైలురాళ్ళు అందుకోకపోతే 14ఏని, ఆ తర్వాతి నోడ్‌లని ఆపేయడమో విరమించడమో చేయొచ్చని 2025 జూలై ఫైలింగ్‌లో రాశారు. కొత్త ఫైలింగ్ వచ్చినప్పుడల్లా పాతదాన్ని పక్కన పెట్టి ఆ పేరా ఒక్కటే పదం పదం పోల్చండి. లాయర్లు చూడకుండా అందులో ఒక్క మాట మారదు. కాల్‌లో ఎంత ఉత్సాహంగా మాట్లాడినా ఆ పేరా అలాగే ఉంటే సంతకాలు ఇంకా కాలేదని అర్థం. ఆ పేరా మెత్తబడి, అదే త్రైమాసికంలో క్యాపెక్స్ పెరిగితే మాత్రం ప్రెస్ నోట్ కోసం ఎదురుచూడకుండా మోడల్ తెరిచి 2028, 2029 కాలమ్‌లు మార్చుకోండి. 2026, 2027 కాలమ్‌లలో ఫ్రీ క్యాష్‌ఫ్లో తగ్గించడం మర్చిపోవద్దు.